గిటారుతో పాడేవాళ్లు మొదటి సౌండ్ సామాను కొనేటప్పుడు: మైకు ముందు, స్పీకరు చివర

"అన్నా, ఏ స్పీకర్ కొనాల?" అనంతపురంలో గిటారు నేర్చుకుంటున్న పిల్లలు నన్ను అడిగే మొదటి మాట ఇదే. కర్నూలు నుంచి, కడప నుంచి ఫోన్ చేసేవాళ్లూ అక్కడే మొదలుపెడతారు. ప్రతిసారీ నేను చెప్పేది ఒకటే: స్పీకరు చివర కొనండి. గొంతు దగ్గర, తీగల దగ్గర మొదలుపెట్టి బయటికి రండి. మైకు, గిటారు పికప్ (తీగల శబ్దాన్ని పట్టి కేబుల్‌లోకి పంపేది), కేబుళ్లు బాగుంటే అద్దె బాక్సులో కూడా పాట బాగుంటుంది. అవి బాగాలేకపోతే ఎంత పెద్ద బాక్సు పెట్టినా ఆ లోపమే ఇంకా గట్టిగా వినిపిస్తుంది.

ఇక్కడ రాసేదంతా ఒక గొంతు, ఒక అకౌస్టిక్ గిటారు ఉన్నవాళ్లకు. డ్రమ్స్, కీబోర్డు చేరితే లెక్క మారిపోతుంది.

1. ఎక్కడ పాడతారో ముందు తేల్చుకోండి

ఒక కాగితం తీసుకుని రాబోయే ఆరు నెలల్లో మీరు పాడబోయే చోట్లు రాయండి. ఇంట్లోనా, మిద్దె మీదా, చర్చిలోనా, కాలేజీ ఫెస్ట్‌లోనా, ఫంక్షన్ హాల్లోనా? ఒక్కో చోటు పేరు పక్కనే, ఎంతమంది వింటారో, అక్కడ మైక్‌సెట్ ఉంటుందో లేదో రాయండి.

ఈ కాగితం చూశాక చాలామందికి ఒక సంగతి తెలుస్తుంది. పెద్ద ప్రోగ్రాంలన్నిటికీ మైక్‌సెట్ వాళ్లు వస్తారు. సొంత స్పీకరు అవసరమయ్యేది ఇరవై, ముప్పై మంది కూర్చునే చోట్లకే. అలాంటప్పుడు రెండు పెద్ద బాక్సులు కొని ఇంట్లో మూల పెట్టుకోవడం దండగ.

గది సంగతి కూడా చూసుకోవాలి. మన ఇళ్లలో కింద కడప బండలో బేతంచెర్ల బండలో, చుట్టూ సిమెంటు గోడలు. శబ్దాన్ని పీల్చుకునేది ఏమీ ఉండదు కాబట్టి అది తిరిగి మైకులోకే వస్తుంది. ఇలాంటి గదిలో వాట్లు పెంచితే మాటలు ఇంకా చెదిరిపోతాయి. కింద జంపఖానా పరిచి, వెనక గోడకు మందపాటి దుప్పటి వేలాడదీస్తే ఖర్చు లేకుండానే తేడా తెలుస్తుంది.

2. మీ గిటారుకు పికప్ ఉందా?

గిటారు పక్కన గానీ అడుగున పట్టీ బొడిపె ఉండే చోట గానీ జాక్ పెట్టే రంధ్రం ఉందేమో చూడండి. ఉంటే లోపల పికప్ ఉన్నట్టే. చాలా గిటార్లలో సాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ) కింద పియెజో పట్టీ (వణుకును సిగ్నల్‌గా మార్చేది), పక్కన చిన్న ప్రీయాంప్ (ఆ సిగ్నల్‌ను పెంచేది), దానికి 9 వోల్టుల బ్యాటరీ ఉంటాయి.

ఈ గిటార్లలో కేబుల్ గుచ్చగానే ప్రీయాంప్ ఆన్ అవుతుంది. పాడటం అయ్యాక కేబుల్ తీయకుండా వదిలేస్తే బ్యాటరీ ఊరికే అయిపోతుంది. మరుసటి రోజు స్టేజీ మీద గిటారు శబ్దం పగిలినట్టు వస్తే ముందు అనుమానించాల్సింది ఆ బ్యాటరీనే. కొత్తది ఒకటి ఎప్పుడూ బ్యాగులో ఉంచుకోండి.

పికప్ లేకపోతే రెండు దారులున్నాయి. సౌండ్‌హోల్‌లో బిగించే మాగ్నెటిక్ పికప్ ఒకటి. గిటారుకు రంధ్రం చేయక్కర్లేదు, కూత (స్పీకరులో వచ్చే కుయ్యిమనే శబ్దం) కూడా తక్కువ పెడుతుంది. కానీ ఇది స్టీలు తీగలకే పనిచేస్తుంది, నైలాన్ తీగలకు పనికిరాదు. రెండోది, గిటారుకు విడిగా ఒక మైకు పెట్టడం. దాన్ని సౌండ్‌హోల్‌కు ఎదురుగా పెడితే గుమ్ముమని మోగుతుంది. మెడ, బాడీ కలిసే చోటు వైపు తిప్పి జానెడు దూరంలో పెట్టండి. శబ్దం సహజంగా వస్తుంది గానీ మీరు కదలకూడదు. ఇంట్లో రికార్డింగుకు ఇదే మంచి పద్ధతి. జనం మధ్య పాడేటప్పుడు పికప్ మేలు.

3. మైకు: మొదటి ఖర్చు ఇక్కడ

కార్డియాయిడ్ రకం డైనమిక్ మైకు తీసుకోండి. కార్డియాయిడ్ అంటే ముందువైపు బాగా వినేది, వెనకవైపు దాదాపు విననిది. డైనమిక్ మైకుకు కరెంటు అవసరం లేదు, కాస్త దెబ్బలకూ తట్టుకుంటుంది.

కండెన్సర్ మైకులు సన్నని శబ్దాన్నీ పట్టుకుంటాయి. స్టూడియోలో అది మంచిదే. సీలింగ్ ఫ్యాను, కూలరు తిరిగే మన హాల్లో ఆ రొద కూడా పాటతో పాటు వస్తుంది. పైగా వాటికి మిక్సర్ (మైకు, గిటారు శబ్దాలను కలిపే పెట్టె) నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు కేబుల్ ద్వారా వచ్చే కరెంటు) అందాలి. మొదటి మైకుగా వద్దు.

షూర్ ఎస్‌ఎం58, సెన్‌హైజర్ ఈ835 ఈ రకంలో ఏళ్ల తరబడి నిలబడినవి. డబ్బు తక్కువుంటే బెరింగర్ ఎక్స్‌ఎం8500తో మొదలుపెట్టినా తప్పులేదు. ఒక్క జాగ్రత్త: ఎస్‌ఎం58కు నకిలీలు చాలా ఉన్నాయి. అధీకృత డీలరు చెప్పే ధరలో సగానికే ఇస్తామంటే అది అసలుది కాదనే అనుకోండి. బిల్లు, వారంటీ కార్డు లేని మైకు తీసుకోవద్దు.

కేబుల్ మైకుకే అతికి ఉండి చివర సన్న పిన్ను ఉండే కరోకే మైకులు, బ్లూటూత్ మైకులు వదిలేయండి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది. మీ గొంతు మీకే వెనకబడి వినిపిస్తుంటే తాళం తప్పుతారు.

4. కేబుళ్లు, స్టాండు, డీఐ బాక్సు

మైకుకు మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్. మన షాపుల్లో కెనాన్ పిన్ను అని అడిగినా ఇస్తారు. ఇది ఎంత పొడవున్నా పెద్దగా రొద పట్టదు. రెండువైపులా ఎక్స్‌ఎల్‌ఆర్ ఉన్నదే తీసుకోండి.

గిటారుకు పావు అంగుళం జాక్ కేబుల్, షాపుల్లో పీ-38 అంటారు. ఇది ఆరు మీటర్లు దాటితే గుయ్ శబ్దం, ట్రెబుల్ తగ్గిపోవడం రెండూ మొదలవుతాయి. మూడు మీటర్లది ఇంటికి, ఆరు మీటర్లది స్టేజీకి చాలు. స్పీకరు కేబుల్ చూడ్డానికి ఇలాగే ఉంటుంది గానీ లోపలి నిర్మాణం వేరు. ఒకదాని బదులు ఒకటి వాడకూడదు.

స్టాండు అడ్డకడ్డీ ఉన్నదే కావాలి. దాన్నే బూమ్ స్టాండు అంటారు. నిలువు స్టాండు అయితే గిటారుకు తగులుతుంది.

ఇక డీఐ బాక్సు. మైక్‌సెట్ ఉన్న ప్రోగ్రాంలకు వెళ్లేవాళ్లకు స్పీకరు కంటే ఇదే ముందు అవసరం. గిటారు జాక్‌ను మైకు కేబుల్‌కు అనువుగా మారుస్తుంది. మిక్సర్ ఎంత దూరంలో ఉన్నా శబ్దం చెడదు. దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ అనే స్విచ్ ఉంటుంది, గుయ్ వస్తే ముందు దాన్ని మార్చి చూడాలి. గిటారులో బ్యాటరీ ప్రీయాంప్ ఉంటే పాసివ్ డీఐ (కరెంటు అక్కర్లేనిది) సరిపోతుంది. బ్యాటరీ లేని పికప్ అయితే యాక్టివ్ డీఐ (బ్యాటరీతో గానీ ఫాంటమ్ పవర్‌తో గానీ నడిచేది) తీసుకోండి.

మొదటి సంచిలో ఉండాల్సినవి:

- డైనమిక్ మైకు, క్లిప్పుతో
- ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుళ్లు 2 (ఒకటి మైకుకు, ఒకటి డీఐకి)
- గిటారు కేబుళ్లు 2 (ఒకటి పాడైతే ఇంకొకటి)
- బూమ్ స్టాండు
- డీఐ బాక్సు
- 9 వోల్టుల బ్యాటరీ
- మైకుకు ఫోమ్ టోపీ. ఆషాఢం గాలికి మిద్దె మీద పాడితే ఇది లేకుండా మాట వినబడదు.

5. ఇప్పుడు స్పీకరు

*అకౌస్టిక్ ఆంప్.* శబ్దం పెంచే ఆంప్, స్పీకరు ఒకే డబ్బాలో ఉండేది. గిటారుకు ఒక చానెల్, మైకుకు ఒక చానెల్, రెండిటికీ వేరువేరు బేస్, ట్రెబుల్ ఉంటాయి. ఒక్క చేత్తో మోసుకుపోవచ్చు. ముప్పై, నలభై మంది కూర్చున్న గదికి 40 నుంచి 60 వాట్లు సరిపోతాయి. ఫిష్‌మన్ లౌడ్‌బాక్స్ మినీ 60 వాట్లది. రోలాండ్ క్యూబ్ స్ట్రీట్ ఈఎక్స్ 50 వాట్లది, అది 8 ఏఏ బ్యాటరీలతో కూడా నడుస్తుంది. కరెంటు పోతుందనే టెన్షన్ ఉన్న చోట ఇది పెద్ద సుఖం.

*యాక్టివ్ స్పీకరు, చిన్న మిక్సరు.* లోపలే ఆంప్ ఉన్న 8 లేదా 10 అంగుళాల స్పీకరు ఒకటి, స్టాండు మీద. మిక్సరుకు యమహా ఎంజీ06ఎక్స్ లాంటిది చాలు. రెండు మైకు ఇన్‌పుట్లు, ఎకో లాంటి ఎఫెక్టులు, ఫాంటమ్ పవర్ ఉంటాయి. అయితే అందులో గిటారు పికప్ కోసం ప్రత్యేక ఇన్‌పుట్ లేదు. బ్యాటరీ లేని పికప్‌ను డీఐ ద్వారానే కలపండి. ఎనభై, వంద మంది ముందు పాడాల్సి వస్తే, రేపు ఇంకొకరు తోడు చేరతారనుకుంటే ఇది తీసుకోండి.

నన్నడిగితే, నెలకు ఒకసారైనా మైక్‌సెట్ లేని చోట పాడేవాళ్లు అకౌస్టిక్ ఆంప్ కొనాలి. అంతకంటే తక్కువైతే స్పీకరు అద్దెకు తెచ్చుకుని ఆ డబ్బు మైకుకూ పికప్‌కూ పెట్టాలి.

కొనకూడనివి మూడు. ఎలక్ట్రిక్ గిటారు ఆంప్: దాని స్పీకరు పై శబ్దాలను కోసేస్తుంది, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. రంగు లైట్ల పార్టీ స్పీకరు: బేస్ ఎక్కువ కోసమే చేసినది, గిటారు గుమ్ముమంటుంది. హార్న్ స్పీకరు: ప్రకటనలకు, ప్రసంగాలకు బాగా పనిచేస్తుంది గానీ గిటారు లావు తీగల శబ్దం దాంట్లో రాదు.

వాట్ల అంకెలతో మోసపోవద్దు. డబ్బా మీద పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ వాట్లు) అని వేలల్లో రాసి ఉంటే దాన్ని పట్టించుకోకండి, ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల వాట్లు) ఎంతో అడగండి. వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి అది కొద్దిపాటి తేడా. చెవికి రెండింతలు అనిపించాలంటే దాదాపు పదింతల వాట్లు కావాలి. 50 వాట్లది వదిలి 100 వాట్లదానికి డబ్బు పోసేముందు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి.

6. షాపులో ఎలా పరీక్షించాలి

అనంతపురం వాళ్లు బెంగళూరు ఎస్‌పీ రోడ్డుకు, కర్నూలు వాళ్లు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లడం మామూలే. ఏ వైపైనా సుమారు 200 కిలోమీటర్లు. వస్తువు బాగాలేదని మళ్లీ పోవాలంటే ఒక రోజు, బస్సు ఖర్చు. అందుకే అక్కడ గంటసేపు ఉండి చూసుకోండి, మొహమాటం వద్దు.

మీ గిటారు, మీ కేబుల్ తీసుకుపోండి. షాపు గిటారుతో చూస్తే మీ పికప్ ఎలా పలుకుతుందో తెలియదు. వారాంతం కాకుండా పొద్దున్నే వెళితే రద్దీ తక్కువ, చెవికి స్పష్టంగా తెలుస్తుంది.

- ముందు ఏమీ పాడకుండా వాల్యూమ్ సగానికి పెంచి వినండి. హిస్ (స్స్‌మనే రొద) ఎక్కువగా వస్తే వద్దు.
- బేస్, ట్రెబుల్ నడిమికి, ఎకో సున్నాకు పెట్టించండి. ఎకో వేసి వినిపిస్తే తీసేయమనండి. ఎకోలో ఏ గొంతైనా తియ్యగానే ఉంటుంది.
- మీకు బాగా వచ్చిన పాట ఒకటి నెమ్మదిగా, ఒకటి గట్టిగా పాడండి.
- తోడు వచ్చినవాళ్లతో పాడించి మీరు షాపు చివరికి వెళ్లి వినండి. మాటలు అర్థమవుతున్నాయా?
- గిటారు గట్టిగా స్ట్రమ్ చేస్తూ పాడండి. గొంతు మునిగిపోతోందా?
- ప్రతి నాబ్ తిప్పండి, కరకర శబ్దం రాకూడదు. జాక్ గుచ్చి కొద్దిగా కదిలించండి.
- ఎత్తి పది అడుగులు నడవండి. బైకు మీద, బస్సులో మోసేది మీరే.
- సర్వీసు ఎక్కడ చేస్తారో బిల్లు కట్టకముందే అడగండి.

7. ఎర్తింగ్ చూడకుండా పాడొద్దు

గిటారు తీగలు ఇనుము, మైకు జాలీ ఇనుము. మీ చెయ్యి తీగల మీద, పెదవి మైకు మీద ఉంటాయి. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే ఆ రెండిటి మధ్య కరెంటు మీ ఒంట్లోంచి పోతుంది. ఒకసారి ఓ ఇంటి మిద్దె మీద పాడుతుంటే పెదవికి షాక్ కొట్టింది. కింద నుంచి లాగిన వైరులో ఎర్తు లేదు. ఆరోజు చిన్న షాక్‌తో పోయింది. అందరికీ అలాగే పోతుందని చెప్పలేం, అందుకే ఈ విషయం గట్టిగా చెబుతున్నాను.

మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను విరగ్గొట్టి వాడొద్దు. ఇంట్లో ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించండి. మిక్సరు, ఆంప్, స్పీకరు అన్నీ ఒకే బోర్డు నుంచి తీసుకోండి, గుయ్ శబ్దం కూడా తగ్గుతుంది. మైకును పెదవితో తాకేముందు వేలి వెనక భాగంతో ఒకసారి తాకి చూడటం అలవాటు చేసుకోండి. జిల్లుమంటే వెంటనే మెయిన్ ఆపించండి.

8. అమర్చే వరస

1. స్పీకరును మైకు కంటే ముందు, జనం వైపు తిప్పి పెట్టండి. మైకు వెనక భాగం స్పీకరు వైపు ఉండాలి. అకౌస్టిక్ ఆంప్ ఒక్కటే ఉంటే మీకు కాస్త పక్కగా, మైకు నేరుగా దాన్ని చూడకుండా పెట్టండి.
2. కూర్చున్నవాళ్ల చెవుల ఎత్తు దాటేలా స్పీకరును లేపండి. నేల మీద పెడితే ముందు వరసకే వినిపిస్తుంది.
3. కేబుళ్లన్నీ కలపండి. వాల్యూములన్నీ సున్నా.
4. ముందు మిక్సరు, చివర స్పీకరు ఆన్ చేయండి. ఆపేటప్పుడు ముందు స్పీకరు, చివర మిక్సరు. తారుమారైతే ధబ్బుమని వచ్చే శబ్దం స్పీకరుకు మంచిది కాదు.
5. బేస్, ట్రెబుల్ నడిమికి. ఎకో సున్నా.
6. మీ పాటలో అన్నిటికంటే గట్టిగా పాడే పంక్తి పాడుతూ మైకు గెయిన్ (మిక్సరులోకి ఎంత శబ్దం తీసుకోవాలో పెట్టే నాబ్) పెంచండి. పీక్ లైటు (శబ్దం హద్దుకు చేరితే వెలిగేది) వెలగగానే కొద్దిగా తగ్గించండి. మెల్లగా "హలో, హలో" అంటూ గెయిన్ పెడితే అసలు పాటలో శబ్దం పగులుతుంది.
7. గిటారు మీది వాల్యూమ్ ముప్పావు దాకా పెట్టి, గట్టిగా స్ట్రమ్ చేస్తూ దాని గెయిన్ అలాగే సరిచేయండి.
8. మాస్టర్ (మొత్తం శబ్దం) నాబ్ నెమ్మదిగా పెంచండి. ముందు గొంతు ఒక్కటే పెట్టుకుని, ఆ తర్వాత గిటారును దాని కింద ఉండేంత వరకే తీసుకురండి.
9. హాలు చివర ఒకరిని ఫోనుతో రికార్డు చేయమనండి. విని, మాటలు తెలియకపోతే గిటారు తగ్గించండి. గొంతు పెంచడం ఆ తర్వాత.

చివరి అడుగు మాత్రం దాటేయకండి. స్టేజీ మీద మనకు వినిపించేది, అక్కడ వినిపించేది ఒకటి కాదు.

9. మైకు కూత పెడితే

మైకు పట్టిన శబ్దం స్పీకరులోంచి వచ్చి మళ్లీ మైకులోకే దూరితే కుయ్యిమంటుంది. అప్పుడు అందరూ చేసే తప్పు, మైకు తలను చేత్తో మూయడం. అలా చేస్తే మైకు వెనక శబ్దాన్ని కూడా వినడం మొదలుపెట్టి కూత ఎక్కువవుతుంది.

ముందు మైకుకు దగ్గరవ్వండి. పెదవికి, మైకుకు మధ్య రెండు వేళ్ల నుంచి నాలుగు వేళ్ల దూరం. దూరం సగమైతే మైకుకు అందే గొంతు 6 డెసిబెల్స్ దాకా పెరుగుతుంది, అంత మేర గెయిన్ తగ్గించవచ్చు. మరీ దగ్గరైతే బేస్ పెరుగుతుంది, అప్పుడు మైకు చానెల్లో లో-కట్ బటన్ (లావు శబ్దాలను కోసేది) నొక్కండి.

తర్వాత స్పీకరును ముందుకు జరపండి, లేదా మైకుతో సహా మీరు వెనక్కి జరగండి. వాల్యూమ్ తగ్గించడం ఆఖరున.

సన్నగా కీచుమంటే అది సాధారణంగా మైకు. గుమ్ముమని లావుగా, గిటారు ఒళ్లంతా వణికేలా వస్తే గిటారు. రెండోదానికి సౌండ్‌హోల్‌కు రబ్బరు మూత పెట్టండి. ప్రీయాంప్ మీద ఫేజ్ బటన్ ఉంటే నొక్కి చూడండి, నాచ్ (ఒక్క శబ్దాన్నే తగ్గించే నాబ్) ఉంటే ఆ గుమ్ము తగ్గే దాకా తిప్పండి. ఇవేవీ లేకపోతే గిటారు బేస్ కొద్దిగా తగ్గించి, స్పీకరుకు ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి నిలబడండి.

10. ఎక్కువగా వచ్చే ఇబ్బందులు, వాటి మందు

*గిటారు ప్లాస్టిక్‌లా, కీచుగా వినిపిస్తోంది.* పియెజో పికప్ తీరే అంత. మిడ్ (నడిమి శబ్దాలు) తగ్గించండి, ట్రెబుల్ కొంచెం తగ్గించండి.

*గుయ్ ఆగడం లేదు.* ఒక్కో కేబుల్ తీసి చూడండి. ఏది తీస్తే ఆగిందో దాంట్లోనే తప్పు. ఫోన్ చార్జర్, లైటు డిమ్మర్ ఉన్న బోర్డు నుంచి వేరే బోర్డుకు మార్చండి. డీఐ గ్రౌండ్ లిఫ్ట్ నొక్కండి.

*మైక్‌సెట్ వాళ్ల దగ్గర గొంతు గుహలోంచి వచ్చినట్టుంది.* ఎకో ఎక్కువ పెట్టి ఉంటారు. పాడకముందే మిక్సరు దగ్గరికి వెళ్లి, "అన్నా, ఎకో సగానికి తగ్గించండి, గిటారుకు ఎకో అసలొద్దు" అని మర్యాదగా చెప్పండి. చాలామంది వింటారు. మీ మైకు, మీ డీఐ చేతిలో పెడితే ఇంకా శ్రద్ధగా చూస్తారు.

*మిద్దె మీద పక్కింటివాళ్లు అభ్యంతరం చెబుతున్నారు.* 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకరు వాడకూడదు. బహిరంగంగా పెట్టాలంటే ఏ వేళైనా రాతపూర్వక అనుమతి ఉండాలి. సాయంత్రం ఏడు, ఎనిమిదిలోపే సౌండ్ చెక్ ముగించేలా పెట్టుకోండి.

*ఎండకాలం.* కర్నూలు, కడప ఎండలు 40 డిగ్రీలు దాటాక మూసిన కారులో గిటారు ఉంచితే బ్రిడ్జి జిగురు వదులుతుంది, ఆంప్ కూడా బాగా వేడెక్కుతుంది. ఎండలోంచి లోపలికి తెచ్చాక పావుగంట ఆగి శృతి చేయండి. కేబుళ్లను మోచేతికి బిగించి చుట్టొద్దు, లోపలి తీగలు మెలిపడి తెగుతాయి. వాటి సహజ వంపులోనే పెద్ద చుట్టలుగా చుట్టి, వెల్క్రో పట్టీ కట్టి సంచిలో వేయండి. 9 వోల్టుల బ్యాటరీని గిటారులో వేసిన తేదీ దాని మీదే పెన్నుతో రాసుకోండి.